లడ్డూని రైలెక్కించకండి

ప్రశ్న: నిరుడు ఆగస్టులో రాజమండ్రి నుంచి చెన్నై వచ్చాం. మడిపాక్కంలో పై వాటా మాది, డాబా కూడా మాదే. వచ్చిన కొత్తలో సరదాకొద్దీ నలభై కుండీలు పెట్టాను. సంక్రాంతికి టమాటాలు పక్కింటివాళ్లకి కూడా పంచాను. ఇప్పుడు ఈ మే ఎండలకి రోజుకి రెండుసార్లు నీళ్లు పోస్తున్నా మొక్కలు మాడిపోతున్నాయి. పోసిన నీళ్లు పోసినట్టే అడుగు కన్నాల్లోంచి కారిపోయి, కింద వాటా గోడకి చెమ్మ దిగుతోందని ఓనరుగారు గొణుగుతున్నారు. నీళ్లేమో ట్యాంకరుతో కొంటున్నాం. మా కుక్క లడ్డూ ఎనిమిదేళ్ల లాబ్రడార్. తిండి తగ్గించేశాడు, పగలంతా బాత్రూంలోనే పడుకుంటున్నాడు. పోయిన వారం ఒక కుండీలో మట్టి తవ్వి తిని రెండుసార్లు కక్కాడు. మర్నాటికి మామూలయ్యాడు. ఇంతలో అత్తయ్యగారు వచ్చారు. వడియాలు పెట్టాలి, ఆవకాయ కలపాలి, డాబా అంతా కుండీలూ కుక్కా ఆక్రమిస్తే ఎక్కడ ఆరబెట్టుకోను అంటున్నారు. వంటగదిలో పది నిమిషాలు నిలబడలేకపోతున్నాం. ఈ రెండు నెలలూ లడ్డూని రైల్లో రాజమండ్రిలో మా మరిది దగ్గరికి పంపేద్దాం అంటారు మా ఆయన. మొక్కలు తీసేయనా, కుక్కని పంపేయనా, అత్తయ్యగారిని నొప్పించనా? ఏదో ఒకటి చెప్పండి.

సమాధానం: అమ్మా, కుండీలూ, ట్యాంకరూ, ఓనరుగారి గొణుగుడూ అన్నీ చదివాను గానీ నా చూపు ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయింది. లడ్డూ కుండీలో మట్టి తిని కక్కాడన్నారు. ఆ కుండీలో మీరు ఏం ఎరువు వేశారు? అది రాయలేదు.

మిద్దె తోట మొదలుపెట్టినవాళ్ల చేతిలో నర్సరీవాళ్లు పెట్టే సంచులు మూడో నాలుగో ఉంటాయి. వానపాముల ఎరువు, వేపపిండి, ఎముకల పొడి, ఆముదపు పిండి. కొందరు అన్నీ కలిపేసి ఒకే సంచిలో అమ్ముతారు. ఆముదం గింజల నుంచి నూనె తీశాక మిగిలిన చెక్కని పొడి కొడితే వచ్చేదే ఆముదపు పిండి. మొక్కకి మంచి నత్రజని అందుతుంది, కాదనను. కానీ ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. అది నూనెలోకి రాదు, చెక్కలోనే ఉండిపోతుంది. బాగా వేడి చేసిన చెక్కలో ఆ విషం విరుగుతుంది. మనం కొన్న సంచి ఏ మిల్లులోదో, ఎంత వేడి చూసిందో ఎవరు చెప్పగలరు? పైగా ఆ వాసన కుక్కలకి మహా ఇష్టం. గోతులు తవ్వి మరీ తింటాయి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా దగ్గర ఒకప్పుడు రాణి అని నాటు కుక్క ఉండేది. ఒకనాడు గులాబీలన్నిటికీ తలా గుప్పెడు ఆముదపు పిండి వేసి, నీళ్లు పోసి, చేతులు కడుక్కుని కిందికొచ్చి టీవీ ముందు కూర్చున్నాను. సాయంత్రం చూస్తే దాని మూతి నిండా మట్టి. నవ్వుకున్నాను కూడా. రాత్రి కక్కడం మొదలెట్టింది, తెల్లారేసరికి నెత్తురు విరేచనాలు. నాలుగు రోజులు సెలైన్ మీద ఉండి బతికి బయటపడింది. పిండి అమ్మినాయన “ఆర్గానిక్ అండీ, ఏమీ కాదు” అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. గన్నేరు కూడా ఆర్గానిక్కే కదా!

లడ్డూ మట్టి తిని వారం దాటింది, మర్నాటికే మామూలయ్యాడు గనక అదే విషమైతే ఈపాటికి తెలిసిపోయేది. అయినా ఈ రోజే మీ దగ్గరున్న సంచుల మీద ఏం రాసుందో చూడండి. ఆముదం ఉంటే ఆ సంచి ఇంట్లోంచి తీసేయండి. ఆ కుండీల్లో పైమట్టి నాలుగంగుళాల లోతు తీసి, వానపాముల ఎరువు కలిపిన కొత్త మట్టి నింపండి. ఎముకల పొడి విషం కాదు గానీ ఆ వాసనకీ తవ్వుతాడు, కాబట్టి అదీ వద్దు. ఇకముందు ఎప్పుడైనా అలాంటిది తిన్నాడని అనుమానం వస్తే కక్కేదాకా ఆగకండి. ఆ ఎరువు సంచిని కూడా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏం తిన్నాడో తెలిస్తే వాళ్లకి సగం పని తగ్గుతుంది.

తిండి తగ్గించాడన్నారు. ఎండల్లో కుక్కలు కాస్త తక్కువే తింటాయి. కానీ ఎండ మీదకి నెట్టేసే ముందు పిడుదులు ఉన్నాయేమో వెతకండి. చెవుల లోపలి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో దాక్కుంటాయి. చెన్నైలో పిడుదుల జ్వరం చాలా మామూలు. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే, ఒళ్లు కాలుతుంటే, మెట్లెక్కడానికి బద్ధకిస్తుంటే రక్తపరీక్ష చేయించాల్సిందే. ఎనిమిదేళ్ల లాబ్రడార్ అంటే పెద్దవాడి కిందే లెక్క. ఏ లక్షణమూ కనబడకపోయినా ఈ వారంలో ఒకసారి చూపించండి. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది, 1903లో మొదలైన కాలేజీ అది. మీకు దూరమే, కానీ దగ్గర్లోని డాక్టరు ఎటూ తేల్చలేకపోతే అక్కడికి వెళ్లండి.

ఇక రైలు మాట. వద్దు. మీ ఆయనకి కోపం వచ్చినా సరే, వద్దు. ఫస్ట్ ఏసీలో కూపే, అంటే తలుపున్న గది, మొత్తం మీదైతేనే కుక్కని మీతో ఉంచుకోనిస్తారు. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కపెట్టె. మే నెలలో దాదాపు 580 కిలోమీటర్లు ఆ ఇనప డబ్బాలో, వయసు మళ్లిన, బొచ్చు ఒత్తుగా ఉన్న కుక్క! ఆలోచిస్తేనే నాకు గొంతు ఆరిపోతోంది. పోనీ, చేరింది అనుకుందాం. చేరేది ఊటీకా? రాజమండ్రి మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా!

బాత్రూంలో పడుకుంటున్నాడని బాధపడకండి. ఇంట్లో అందరికంటే తెలివైన పని చేస్తున్నది వాడే. చల్లటి గచ్చు వెతుక్కున్నాడు. అక్కడే ఒక గిన్నెలో నీళ్లు పెట్టండి, ఫినాయిల్ మాత్రం పొద్దున్నే కడిగేసి నేల ఆరనివ్వండి. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, ఆ తడి ఆవిరవుతుంటే ఒంటి వేడి తగ్గించుకుంటాయి. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆవిరయ్యేదెక్కడ? అందుకే కర్నూలు పొడి ఎండలో 40 డిగ్రీలు తట్టుకున్న కుక్క కూడా చెన్నైలో 36కే నీరసపడుతుంది. ఈ నడివేసవి ఎండల్ని ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అంటారు, మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా. అది పోతోందనగానే మన రోహిణి కార్తె. రోళ్లు పగిలే కార్తె అన్నారు మనవాళ్లు. ఆ రోజుల్లో మధ్యాహ్నం సముద్రపు గాలి ఎంత ఆలస్యమైతే ఊరు అంత ఉడుకుతుంది. 2003లో మే 31న ఇదే ఊళ్లో 45 డిగ్రీలు చూశాం. ఆ రోజు మా ఇంట్లో కుళాయి తిప్పితే టీ కాచుకోవచ్చు అనిపించింది.

లడ్డూని పొద్దున్న ఎన్నింటికి షికారు తిప్పుతున్నారో రాయలేదు. ఆరు దాటితే ఆలస్యమే. సాయంత్రం ఆరింటికి ఎండ పోయింది కదా అని బయల్దేరతారు చాలామంది. తారు రోడ్డు ఏడున్నర ఎనిమిది దాకా సెగ వదులుతూనే ఉంటుంది. మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఉండలేకపోతే వాడి పాదాలూ ఉండలేవు. బొచ్చు మొత్తం గొరిగించేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి. లాబ్రడార్‌కి రెండు వరసల బొచ్చు. అది దుప్పటిలా కనిపిస్తుంది గానీ ఎండ చర్మానికి తగలకుండా కాపాడేదీ అదే. రోజూ దువ్వితే చాలు, ఊడాల్సిందంతా ఊడిపోతుంది.

ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, అత్తయ్యగారితో సహా. రొప్పు ఆగకపోవడం, చొంగ జిగటగా తీగలు సాగడం, చిగుళ్లు ఎర్రగా కందిపోవడం, తూలడం కనిపిస్తే అది వడదెబ్బ. కుక్కకి మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదంలో పడ్డట్టు. వెంటనే నీడకి తెచ్చి, కుళాయి నీళ్లు ఒంటి మీద, ముఖ్యంగా పొట్ట కింద, తొడల మధ్య పోస్తూ ఫ్యాను పెట్టండి. ట్యాంకు నీళ్లు సలసల కాగుతుంటే బిందెలో నీళ్లు వాడండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి. తేరుకున్నట్టు కనబడినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, లోపల అవయవాలకి తగిలిన దెబ్బ మర్నాడు బయటపడుతుంది.

మొక్కల దగ్గరికి వద్దాం. “పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతున్నాయి” అన్నారు చూశారా, జబ్బు ఏమిటో మీరే చెప్పేశారు. మీరు మొక్కలకి నీళ్లు పోయడం లేదమ్మా, ఓనరుగారి గోడకి పోస్తున్నారు.

ఒక కుండీ దగ్గర కూర్చుని చూడండి. మట్టి గట్టిపడి, కుండీ అంచు నుంచి విడిపోయి చుట్టూ వేలు పట్టేంత సందు కనబడుతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జర్రున జారి అడుగు కన్నంలోంచి బయటపడతాయి. మధ్యలో వేరు ఉన్న ముద్ద పొడిగా అలాగే ఉంటుంది. ఒకసారి ఎముకలా ఎండిందంటే మళ్లీ నీళ్లు పట్టదు, మైనం పూసినట్టు పక్కకి తోసేస్తుంది. అలాంటి కుండీకి రోజుకి నాలుగుసార్లు పోసినా దండగే.

చిన్న కుండీలైతే టబ్బులో నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. బుడగలు తేలతాయి. బుడగలు ఆగేదాకా, అరగంటో ముప్పావుగంటో, కదపకండి. పెద్దవైతే పాత ఫోర్కుతో పైమట్టి గుల్ల చేసి, అంచు సందుల్లో మట్టి పూడ్చి, చెంబుడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగి మళ్లీ చెంబుడు, అలా మూడు విడతలుగా పొయ్యండి. తర్వాత మట్టి పైన కొబ్బరి పీచో, ఎండాకులో, చెరుకు పిప్పో రెండంగుళాలు పరవండి. చెరుకు రసం బండివాళ్లు పిప్పి ఊరికే ఇస్తారు, చీమలు పడతాయి గనక రెండు రోజులు ఎండబెట్టి వాడండి. ఈ పరుపు ఒక్కటి చేస్తే పూటపూటా పోసే బాధ తప్పుతుంది. కుండీల కింద పళ్లేలు పెడితే ఓనరుగారికీ శాంతి. పళ్లెంలో నీళ్లు మాత్రం రాత్రికి నిలవ ఉంచకండి, దోమలు.

నీళ్లు పోయడం తెల్లవారి ఆరు లోపల. గొట్టంతో పోస్తే ముందు వచ్చే నీళ్లు వేరే బకెట్టులో పట్టండి, ఎండకి కాగిన గొట్టంలో నిలవున్న నీళ్లవి, చెయ్యి పెడితే తెలుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఆకులు వాలిపోయాయని గాభరాపడి చెంబు పట్టుకుని పరిగెత్తకండి. ఆ వేళకి చాలా మొక్కలు కావాలనే ఆకులు వాల్చుకుంటాయి. సాయంత్రం ఆరింటికి లేచి నిలబడితే వాటికేమీ కాలేదు. తెల్లవారుజామున కూడా వాలే ఉంటే అప్పుడు రెండు కణుపుల లోతు వేలు గుచ్చి చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి కుళ్లు వాసన వస్తే వేరు మురిగింది, నీళ్లు ఆపండి.

నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెంచుతున్నట్టయితే వాటిని గచ్చు మీద నుంచి లేపి ఇటుకల మీదో చెక్క పలకల మీదో పెట్టండి. అన్నీ ఒకచోట చేర్చండి, ఒకదానికొకటి నీడ. పడమటి ఎండ తగిలే వైపు పెద్ద కుండీలు, వాటి చాటున చిన్నవి. పైన పచ్చ వల, 50 శాతం నీడ ఇచ్చేది చాలు. 75 శాతంది కడితే మొక్కలు సన్నగా పొడుగ్గా సాగిపోతాయి. కొత్త మట్టిలో కలిపే వానపాముల ఎరువు తప్ప ఈ నెలలో ఇంకే ఎరువూ వేయకండి, కొమ్మలు కత్తిరించకండి. పిండినల్లి కనబడితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఎండ పూర్తిగా దిగాక కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొట్టి నా మందారం ఆకులు అప్పడాల్లా మాడ్చుకున్నదాన్ని నేను.

ఇప్పుడు మీకు నచ్చని మాట. టమాటా మొక్కలు పీకేయండి. సంక్రాంతికి అంత కాశాయి కదా అని జాలిపడుతున్నారు, నాకు తెలుసు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు. పూస్తుంది, రాలుస్తుంది. మీరు కొన్న ట్యాంకరు నీళ్లు తాగి మీకు ఆకులు చూపిస్తుంది. కొత్తిమీర సంగతీ అంతే, ఈ వేడికి రెండాకులు వేయకముందే పూతకొచ్చేస్తుంది. వాటిని తీసేసి గోంగూర, బెండ, తోటకూర, బచ్చలి ఉంచుకోండి. కరివేపాకు, మునగ ఎండని లెక్కచేయవు. మల్లెకి అసలు ఇదే సీజను. దాన్ని వల కిందికి జరపకండి, ఎండలోనే ఉండనివ్వండి, మొగ్గ గుండ్రంగా ఊరుతుంది. గులాబీలు మాత్రం నీడకి జరపండి. మొత్తం మీద నలభై పదిహేనుకి దిగాలి. తమిళంలో ‘ఆడి పట్టం తేడి విదై’ అని సామెత, ఆడి మాసం అదను చూసుకుని విత్తనం వెయ్యమని. జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా ఆడి. అప్పుడు మళ్లీ వేసుకుందురు గాని. మొక్కని మళ్లీ నాటుకోవచ్చు, లడ్డూని నాటుకోలేం కదా. అందుకే మీ మూడు సమస్యల్లో నీళ్లకైనా నీడకైనా వాడికే మొదటి వాటా అంటాను.

పన్నెండంగుళాల కుండీకి ఈ ఎండల్లో రోజుకి లీటరున్నర, రెండు లీటర్లు పడుతుంది. నలభైకి లెక్కేసుకుంటే ట్యాంకరు ఎందుకు చాలడం లేదో తెలుస్తుంది. పదిహేనుకైతే ఒకటిన్నర, రెండు బకెట్లు. అందులో సగం మీ ఏసీయే ఇస్తుంది. తేమ ఊరు కదా, రాత్రంతా నడిస్తే గొట్టం కింద పెట్టిన బకెట్టు సగానికి పైగా నిండుతుంది. ఉప్పులేని నీళ్లు, మొక్కలకి నిక్షేపంగా పొయ్యొచ్చు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగినవి, కూరలు కడిగినవి కలిపితే మిగతా సగం. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం రోజూ పొయ్యకండి, గచ్చు కడగడానికి వాడండి. వాటిలో ఉప్పు చేరి ఉంటుంది. కుండీ అంచున తెల్లటి పొక్కు కట్టిందంటే ఇప్పటికే మీరు పోస్తున్న నీళ్లలో ఉప్పు ఉన్నట్టు.

నీళ్ల మాట వచ్చింది గనక ఒకటి చెప్పి ముందుకెళతాను. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వాగన్లలో నీళ్లు తెచ్చారు. ఆ రెండు నెలలూ మా వీధిలో అందరం బిందెలు వరసలో పెట్టి లారీ కోసం కూర్చున్నాం. ఆ ఏడు నేను మల్లె, కరివేపాకు, తులసి, ఇంకో మూడు కుండీలు మాత్రమే బతికించుకున్నాను. అప్పటి నుంచి మార్చి నెలాఖరుకే కుండీలు తగ్గించేసుకోవడం అలవాటు చేసుకున్నాను. మన కృష్ణ నీళ్లు కండలేరు నుంచి కాలువలో పూండికి వస్తాయన్న సంగతి మీ అత్తయ్యగారికి చెప్పండి, సంతోషిస్తారు. మద్రాసువాళ్లు తాగుతున్నది మన నీళ్లేనని మా అత్తగారు కనబడ్డవాళ్లందరికీ చెప్పేవారు.

అత్తయ్యగారి దగ్గరికే వచ్చాం. డాబా కోసం మీ ముగ్గురికీ అసలు గొడవ లేదమ్మా. వడియాలకి ఎర్రటి ఎండ కావాలి, తొమ్మిది నుంచి మూడు దాకా. ఆ వేళ లడ్డూ డాబా ఎక్కకూడదు. కుండీలు ఒక మూల వల కిందికి చేరిపోతే మిగతా డాబా అంతా ఖాళీ. సాయంత్రం ఆవిడ చీర మడిచి కిందికి దిగాక, గచ్చు మీద రెండు బకెట్లు వాడిన నీళ్లు చల్లితే, ఏడున్నరకి డాబా లడ్డూది. ఎవరి వేళ వాళ్లది.

ఒక్కటి మాత్రం ఆవిడతో ముందే అనండి, నొచ్చుకోరు. రాజమండ్రిలో వడియాలు సాయంత్రం ఆరు దాకా ఉంచుతారేమో, ఇక్కడ మూడున్నర, నాలుగుకే లోపలికి తెచ్చేయాలి. సముద్రపు గాలి తేమని మోసుకొస్తుంది, పొద్దుటి నుంచి ఎండింది కాస్తా మెత్తబడి బట్టకి అంటుకుపోతుంది. రెండో రోజు వెనక్కి తిప్పి నీళ్లు చల్లి ఒలిచి, పళ్లేల్లో మళ్లీ ఎండబెడితే గలగలలాడతాయి. పిండి ఉడికించడం తెల్లవారుజామున ఐదింటికి. కాకుల కాపలాకి ఎవరో ఒకరు ఉండాలి. ఇక్కడి కాకులకి వడియాల మీద మక్కువ ఎక్కువ. చల్ల మిరపకాయలు ఎండబెట్టిన రోజు లడ్డూని మెట్ల తలుపు దాటనివ్వకండి, మజ్జిగ వాసనకి మొత్తం నమిలేస్తాడు.

ఆవకాయ కొలతలు నేను చెప్పను. గోదావరి అత్తగారికి ఆవకాయ కొలత చెప్పేంత ధైర్యం నాకు లేదు. చెన్నై తేమ గురించి మాత్రం చెబుతాను. కాయలు కడిగి తుడిచాక ఇక్కడ గంటసేపు ఫ్యాను కింద ఆరనివ్వాలి, తుడిచాం కదా అంటే చాలదు. రాళ్లుప్పు, ఆవాలు, జాడీ మూడూ ఒక పూట ఎండలో పెట్టి, చల్లారాక వాడాలి. దంచిన ఉప్పు రాత్రంతా మూత లేకుండా ఉంటే పొద్దున్నకి చెమ్మ లాగేస్తుంది, కిందటేడు ఎవరో బంధువు ఆవకాయ ఆషాఢానికే బూజు పట్టింది ఇందుకే. నువ్వులనూనె ఇక్కడ నల్లెణ్ణై అని అడిగితే మంచిది దొరుకుతుంది. మూడో రోజు తిరగకలిపాక ముక్క మీద వేలెడు నూనె తేలకపోతే ఇంకాస్త పొయ్యాలి. పెద్ద జాడీ ఊరికే తెరవకుండా పది రోజులకి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి.

ముక్కలు కొట్టే రోజు చెత్తబుట్ట జాగ్రత్త. తీసేసిన జీడి, రసం చీకి పారేసిన టెంక లడ్డూ మింగాడంటే పేగులో అడ్డంపడుతుంది, అప్పుడు ఆపరేషనే. మూత గట్టిగా పడే బుట్ట కొనండి, లేదా ఆ పూటే బయట పడేసి రండి. అలాగే అత్తయ్యగారు ముద్దుగా కలిపి పెట్టే పప్పన్నంలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా చూడండి. అవి కుక్కల నెత్తురుని దెబ్బతీస్తాయి. పాయసంలో కిస్‌మిస్ కూడా వద్దు. పోపు లేని, ఉప్పు లేని పెరుగన్నం రెండు ముద్దలు, చల్లగా, వాడు కాదనడు.

వంటగది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున్న ఏడున్నరకి పొయ్యి ఆగిపోవాలి, అంతే. కరెంటు కుక్కర్ని ప్లగ్గు ఉన్న బాల్కనీలోకి మార్చండి, ఆవిరి సగం అక్కడే పోతుంది. మధ్యాహ్నానికి పచ్చిపులుసు, పెరుగుపచ్చడి, దోసకాయ ముక్కలు, పొద్దుటి మామిడికాయ పప్పు. కొబ్బరి పచ్చడి చేస్తే పదింటికల్లా ఫ్రిజ్‌లో పెట్టండి, అన్నిటికంటే ముందు పులిసేది అదే. రాత్రికి చద్దన్నంలోకి గంటన్నర కష్టపడి కూర చేయక్కర్లేదు, కొత్తావకాయ ఉండగా.

ఇంకో మాట. ఆవిడ కుక్కని పంపేయమని అన్నట్టు మీరు రాయలేదు, రాసింది మీ ఆయన మాట. ఎక్కడ ఆరబెట్టుకోను అన్నారు అంతే. కొత్త ఊళ్లో, భాష రాని చోట, పైవాటాలో పొద్దుపోని మనిషి అడిగింది నాలుగు గజాల ఎండ. చాప పరిచి, గొడుగు ఒకటి పక్కన పెట్టి, మజ్జిగ చెంబు ఇచ్చి చూడండి. పచ్చ వల నీడలో కూర్చుని కాకుల్ని తోలుతూ మీ గోంగూరకి కూడా ఆవిడే నీళ్లు పోస్తారని నా అనుమానం. లడ్డూ రక్తపరీక్ష ఏం చెప్పిందో మాత్రం ఒక ముక్క రాయండి.